స్వరలిపికి అందినది, అందనిది: 1919 మదనపల్లె సంగీత ఘటన – జాజ్ యుగపు నేపథ్యంలో ఒక పునరాలోచన

ఉపోద్ఘాతం

తెలుగులో ఆధునికతను గురించిన చర్చ చాలా వరకు అచ్చుపుస్తకం చుట్టూ సాగింది. గురజాడ 1910లో ప్రవేశపెట్టిన ముత్యాల సరాలు, 1909 నాటి ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పు, భావకవిత్వం, ఆ తరువాత అభ్యుదయ కవిత్వం అనే వరుసలో మన సాహిత్య చరిత్రలు ఆధునికతను వివరిస్తాయి. ఈ వరుసలో కంటికి ఉన్న చోటు చెవికి లేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో తెలుగువారు వినే పద్ధతి మారింది. ఎవరు పాడవచ్చు, ఎక్కడ పాడవచ్చు, పాట ఎవరి సొత్తు అనే ప్రశ్నలకు సమాధానాలు మారాయి. ఛందస్సులో వచ్చిన మార్పును మాత్రాగణాల లెక్కతో వివరించిన మన విమర్శ, ఆ ఛందస్సుకు వెనుక ఉన్న శ్రవణ ప్రపంచంలో వచ్చిన మార్పును అంత శ్రద్ధగా పట్టించుకోలేదు.

ఇదే కాలంలో పాశ్చాత్య ప్రపంచంలో సంగీతం, ఆధునికత, సాంఘిక నియమాల మార్పు అనే మూడింటినీ ముడివేసిన పేరు జాజ్. 1917 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో తొలి జాజ్ రికార్డు తయారైంది. 1919 ఫిబ్రవరి 17న మొదటి ప్రపంచ యుద్ధం నుండి తిరిగివచ్చిన 369వ పదాతిదళపు నల్లజాతి సైనికులు ఫిఫ్త్ అవెన్యూలో కవాతు చేశారు. ఫ్రాన్స్ ప్రజలకు రాగ్‌టైమ్, తొలినాటి జాజ్ లయలను వినిపించిన జేమ్స్ రీస్ యూరప్ వాద్యబృందం వారికి ముందు నడిచింది. సరిగ్గా పదకొండు రోజుల తరువాత, ఫిబ్రవరి 28న, రాయలసీమలోని మదనపల్లెలో రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించి స్వహస్తంతో రాసి ఇచ్చారు.

ఈ రెండు ఘటనల మధ్య కార్యకారణ సంబంధం లేదు. అయితే రెండూ ఒకే చారిత్రక ప్రశ్నకు రెండు చోట్ల వచ్చిన సమాధానాలు: నిన్నటి వరకు నోటి నుండి నోటికి, చెవి నుండి చెవికి సాగిన పాట ఆధునిక ప్రపంచంలో ఏ రూపంలో నిలుస్తుంది? ఆ రూపం ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరిని బయట ఉంచుతుంది? మదనపల్లె ఘటనను స్థానిక గౌరవ చిహ్నంగా మాత్రమే చూసే అలవాటును దాటి, దానిని ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

మదనపల్లెలో జరిగినదేమిటి?

మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల అనీబిసెంట్ చొరవతో 1915లో ఏర్పడింది. అదే ఏడాది భారతదేశానికి వచ్చిన ఐరిష్‌వారైన జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు తరువాత ఈ కళాశాలకు చేరుకున్నారు. జేమ్స్ కజిన్స్ కవి, విమర్శకుడు. డబ్లిన్‌లో యేట్స్ తదితరుల ఐరిష్ సాహిత్య పునరుజ్జీవన వాతావరణంలో ఎదిగినవాడు. ఆయన ‘న్యూ వేస్ ఇన్ ఇంగ్లిష్ లిటరేచర్’ 1917లో మద్రాసులో వెలువడింది. దానిపై సమీక్షగా మొదలైన రచనే శ్రీ అరవిందుల ‘ఫ్యూచర్ పొయెట్రీ’ వ్యాసపరంపర. ఆధునిక కవిత్వ భవిష్యత్తును గురించి ఈ దేశంలో జరిగిన ఒక ముఖ్యమైన సిద్ధాంతచర్చకు ప్రేరకుడైన వ్యక్తి ఒక చిన్న రాయలసీమ పట్టణంలో అధ్యాపకుడుగా ఉన్నాడన్న సంగతి మన విమర్శ చరిత్రలో నమోదు కావలసినంతగా కాలేదు.

మార్గరెట్ కజిన్స్ 1902లో ఐర్లండ్ రాయల్ యూనివర్సిటీ నుండి సంగీతంలో పట్టా పొందిన విదుషి. 1908లో ఐరిష్ స్త్రీల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరు. ఆ పోరాటంలో జైలుకు వెళ్లివచ్చినవారు. ఆమెలో సంగీత విద్య, స్త్రీల హక్కుల ఉద్యమం అనే రెండు పాయలు కలిసి ఉన్నాయి. మదనపల్లె ఘటనను అర్థం చేసుకోవడానికి ఈ రెండూ అవసరం.

1919లో దక్షిణదేశ పర్యటనలో ఉన్న ఠాగూర్ కొన్ని రోజులు మదనపల్లెలో విశ్రమించారు. కళాశాలలో జరిగే పాటల కూటమిలో ఆయన తన గీతాన్ని పాడి వినిపించారు. పల్లవి వచ్చినప్పుడల్లా విద్యార్థులు గొంతు కలిపారు. మార్గరెట్ కజిన్స్ ఆ బాణీని పాశ్చాత్య స్వరలిపిలో నమోదు చేశారు. ఠాగూర్ ‘మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఆంగ్లానువాదం చేశారు. ఆ గీతం కళాశాల ప్రార్థనాగీతమైంది. ఈ దంపతులు కలిసి రాసి 1950లో వెలువరించిన ఆత్మకథ ‘వుయ్ టూ టుగెదర్’ ఈ ఘటనకు ప్రధాన ఆధారం.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టం చేసుకోవాలి. ‘జనగణమన’ బాణీ మదనపల్లెలోనే పుట్టిందన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ గీతాన్ని 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో పాడారు. కాబట్టి మదనపల్లెకు వచ్చేటప్పటికే ఆ పాటకు బాణీ ఉంది. మదనపల్లెలో జరిగినవి అనువాదం, స్వరలేఖనం, సామూహిక గానం. ఈ మూడూ బాణీ కట్టడం కంటే తక్కువవి కావు. పాట ఒక భాష నుండి, ఒక ప్రాంతం నుండి, ఒక గాయకుని గొంతు నుండి విడివడి ఎవరైనా చూసి పాడుకోగల రూపాన్ని పొందిన సందర్భం ఇది. పుట్టుక గొప్పదని చెప్పడానికి ప్రయత్నించి, మనం ఈ రూపాంతరణ ప్రాధాన్యాన్ని విస్మరిస్తున్నాం.

కల్పితం – మనోధర్మం

మన సంగీతశాస్త్రం కల్పిత సంగీతాన్ని, మనోధర్మ సంగీతాన్ని వేరుచేసి చెబుతుంది. వాగ్గేయకారుడు కట్టిన కృతి కల్పితం. ఆలాపన, నెరవు, కల్పనస్వరం మనోధర్మం. ఈ విభజన వెలుగులో చూస్తే మదనపల్లె, జాజ్ అనే రెండు ఆధునికతలు ఎదురెదురు దిశల్లో నడిచినట్లు కనిపిస్తుంది.

జాజ్‌కు ముందున్న రాగ్‌టైమ్ చాలా వరకు అచ్చయిన స్వరపత్రాల ద్వారా వ్యాపించింది. జాజ్ అచ్చుపత్రం నుండి వాద్యకారుని మనోధర్మం వైపు కదిలింది. తాళపు దెబ్బను తప్పించి ముందో వెనుకో ఎత్తుకోవడం దాని ప్రాణం. మన పరిభాషలో ఇది విషమగ్రహం. అతీత, అనాగత గ్రహాల పేరుతో మన లక్షణకర్తలు గుర్తించినదే. పియానో మెట్లకు నడుమ పలికే స్వరాలు దాని రెండవ గుణం. ఈ రెండింటినీ స్వరలిపి సరిగా పట్టుకోలేదు. గ్రామఫోన్ రికార్డు పట్టుకోగలిగింది. 1920ల చివరికి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులలో ఒక్క వాద్యకారుని మనోధర్మమే రచన స్థాయిని పొందింది.

మదనపల్లెలో కదలిక దీనికి విరుద్ధం. గాయకుని గొంతులో ఉన్న పాట కాగితం మీదికి వచ్చింది. దీనికి దక్షిణదేశంలో పూర్వరంగం ఉంది. చిన్నస్వామి మొదలియార్ 1893లోనే మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటించడం ఆరంభించారు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుండి తెలుగు లిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ మరొక మార్గాన్ని ఎంచుకుంది. అది సప్తస్వరాల అక్షరాలకు తోడు గమకాలకు ప్రత్యేక చిహ్నాలను సమకూర్చింది. స్వరం కంటే స్వరానికీ స్వరానికీ మధ్య నడకే రాగమని తెలిసిన విద్వాంసుని ప్రయత్నమది. ఆ చిహ్నాలన్నీ ఉన్నా గురుముఖం లేకుండా ఆ గ్రంథం నుండి పాడడం కష్టమని సంగీతజ్ఞులకు తెలుసు.

ఇందువల్ల మదనపల్లెలో స్వరలిపికి ఎక్కిన పాట ఎటువంటిదన్న ప్రశ్న ముఖ్యమవుతుంది. ‘జనగణమన’ బాణీ బిలావల్ ఛాయలది. మన శంకరాభరణానికి, పాశ్చాత్యుల మేజర్ స్వరశ్రేణికి దగ్గరిది. అక్షరానికో స్వరం చొప్పున సాగే నడక దానిది; దీర్ఘమైన గమకాలకు అందులో చోటు తక్కువ. స్వరలిపికి లొంగే గుణం ఆ పాటలో ముందే ఉంది. అదే తోడినో, భైరవినో ఐదు గీతల మీద నిలబెట్టవలసి వస్తే నష్టం వెంటనే తెలిసేది. జాతీయ ఆధునికత తనకు అనువైన పాటను ఎంచుకుంది. తూర్పు పడమరల సంగీత సమన్వయంగా ఈ ఘటనను వర్ణించే ముందు, ఆ సమన్వయం సుగమమైన చోటనే జరిగిందని గుర్తించడం అవసరం. మార్గరెట్ కజిన్స్ 1935లో ప్రకటించిన సంగీత వ్యాససంపుటి శీర్షికలో కూడా తూర్పు, పడమర పక్కపక్కనే నిలుస్తాయి. ఆ రెండు పదాల నడుమ ఉన్న గమకం సంగతి స్వరలిపి చరిత్ర చదివినవారికే తోస్తుంది.

వంతపాట

విద్యార్థులు పల్లవి అందుకున్న తీరును సాధారణంగా పాశ్చాత్య బృందగాన పద్ధతి ప్రభావంగా వివరిస్తారు. కళాశాల వాతావరణం ఆ వివరణకు కొంత ఆధారమిస్తుంది. అయితే ఆ పరిసరాల సంగీత జీవనాన్ని పరిగణనలోకి తీసుకుంటే మరొక వివరణ బలంగా కనిపిస్తుంది. మదనపల్లె, నిమ్మనపల్లె, పుంగనూరు పల్లెలలో చెక్కభజన, పండరి భజన, కోలాటం జీవత్సంప్రదాయాలు. భజనగురువు చరణం ఎత్తుకుంటాడు. బృందం దానిని తిరిగి పలుకుతుంది. అడుగు, తాళం, మాట ఒకటవుతాయి. బుర్రకథలో, యక్షగానంలో వంత లేకుండా కథ నడవదు. ‘వంత పాడడం’ అనే మాట నేటి వాడుకలో నిందార్థానికి దిగజారింది గాని, దాని మూలార్థంలో గొప్ప సాంగీతిక విశ్వాసం ఉంది. ఒక గొంతు ఎత్తిన పాటను మరికొన్ని గొంతులు మోయాలన్న నియమం అది. బెంగాలీ తెలియని విద్యార్థులు ఒక్కసారి విని పల్లవి అందుకోగలిగారంటే, అందులో ఈ వంత సంప్రదాయపు చెవి పనిచేసిందని భావించడం సహేతుకం.

జాజ్‌కు మూలమైన ఆఫ్రికన్ అమెరికన్ సంగీతంలోనూ ఇదే నిర్మాణం ఉంది. పొలంపాటలలో, ప్రార్థనాలయ గీతాలలో ఒకరు పిలుస్తారు, అందరూ బదులు పలుకుతారు. జాజ్ ఈ పిలుపు–బదులును వాద్యాల మధ్య సంభాషణగా మార్చింది. బదులు పలికే ప్రతి వాద్యానికీ తన మాట తాను చెప్పుకునే వీలు కల్పించింది. మన వంత కళాశాల సమావేశమందిరంలోకి, ఆ తరువాత జాతీయ సభలలోకి ప్రవేశించినప్పుడు వేరొక మార్పు జరిగింది. భజనబృందంలో వంతగాడు సందర్భాన్ని బట్టి మాట చేర్చగలడు, లయ పెంచగలడు. జాతీయగీతపు వంతలో ఆ స్వేచ్ఛ లేదు. అందరూ ఒకే పాటను, ఒకే శ్రుతిలో, ఒకే కాలప్రమాణంలో పాడాలి. 1950 జనవరి 24న ఈ గీతం జాతీయగీతంగా ఆమోదం పొందిన తరువాత ఈ ఏకరూపతే దాని ధర్మమైంది.

దీనిని కేవలం నష్టంగా లెక్కించడం తగదు. రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్ దురంతం కొద్ది వారాల దూరంలో ఉన్న కాలమది. వేర్వేరు కులాల, మతాల, భాషల యువకులు ఒక్క గొంతుతో పాడడం ఆనాడు చిన్న మార్పు కాదు. ఊరి భజనమందిరంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కులం నిర్ణయించిన రోజులలో, చూసి పాడుకోగల స్వరపత్రం వంశాన్ని అడగదు. స్వరలిపి మనోధర్మాన్ని తగ్గించిందన్నది ఎంత నిజమో, పాటకు ప్రవేశార్హతను విస్తరించిందన్నదీ అంతే నిజం. ఆ విస్తరణ హద్దు ఎక్కడన్నదే తరువాతి ప్రశ్న.

ఇద్దరు విదుషులు: గౌరవప్రదమైన గొంతు

మార్గరెట్ కజిన్స్ మదనపల్లెలో స్థానిక స్త్రీలతో కలిసి ‘అబలాభివర్ధినీ సమాజం’ నడిపారు. ఆ అనుభవం 1917 మే నెలలో అడయారులో ఏర్పడిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌కు దారితీసింది. అదే ఏడాది డిసెంబర్‌లో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల ప్రతినిధి వర్గం మాంటేగును కలిసి ఓటుహక్కు కోరింది. 1921లో మద్రాసు శాసనమండలి ఆ హక్కును అంగీకరించింది. ‘అబల’ అనే పదంతో మొదలైన సంఘటన నాలుగైదేళ్లలో ‘ఓటరు’ అనే పదానికి చేరింది. మదనపల్లె సంఘం పేరులోని కరుణార్థం, అడయారు సంఘం పేరులో లేకపోవడం భాషాపరంగా కూడా గమనించదగినది.

కజిన్స్ పుట్టిన 1878లోనే మరొక సంగీత విదుషి జన్మించారు. ఆమె బెంగళూరు నాగరత్నమ్మ. కన్నడ, తెలుగు, సంస్కృత భాషలలో పాండిత్యం, సంగీతంలో ఖ్యాతి, గ్రామఫోన్ రికార్డుల ద్వారా విస్తృత శ్రోతృలోకం ఆమెకు ఉన్నాయి. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను ఆమె పరిష్కరించగా 1910లో వావిళ్లవారు ప్రచురించారు. ముద్దుపళనిని వీరేశలింగం నిరసించిన తీరును ఆ పీఠికలో ఆమె సూటిగా ప్రశ్నించారు. ప్రభుత్వం అశ్లీలమనే కారణంతో గ్రంథాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే వేళకు గాని ఆ నిషేధం తొలగలేదు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలిపితే ఆధునికత రెండు ముఖాలు కనిపిస్తాయి. ఒకరి సంగీతం పట్టభద్రురాలి సంగీతం; విద్యాలయం దాని వేదిక; ప్రార్థన దాని సందర్భం. మరొకరిది కళావంతుల సంప్రదాయంలో గురుముఖంగా వచ్చిన విద్య. శృంగారం దానిలో అంతర్భాగం. సంఘసంస్కరణ మొదటిదానిని గౌరవప్రదమని గుర్తించింది, రెండవదానిని సమస్యగా చూసింది. 1920ల చివర ముత్తులక్ష్మీరెడ్డి దేవదాసీ వ్యవస్థ రద్దుకు శాసనసభలో పూనుకున్నప్పుడు విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఆమె వెంట నిలిచింది. నాగరత్నమ్మ ప్రభృతులు నిరసన తెలిపారు. బాలికల అంకితం ఆగవలసిందే. ఆ వ్యవస్థలోని దోపిడి వాస్తవం. అయితే దోపిడితో పాటు ఒక విద్యను, ఆ విద్య స్త్రీకి ఇచ్చిన ఆస్తిహక్కును, అక్షరజ్ఞానాన్ని, బహిరంగ స్వరాన్ని కూడా ఒకే తీర్పుతో తోసివేయడం జరిగింది. ‘కన్యాశుల్కం’లో మధురవాణిని బుద్ధిలో అందరికంటె మిన్నగా నిలిపిన గురజాడకు ఈ చిక్కు తెలుసు. ఆయన యాంటీనాచ్ ఉద్యమకాలంలోనే ఆ పాత్రను సృష్టించారు.

అమెరికాలో జాజ్ ఎదుర్కొన్న వ్యతిరేకత ఈ సందర్భాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1921 ఆగస్టులో ‘లేడీస్ హోమ్ జర్నల్’ పత్రికలో జాజ్ నీతిని చెరుస్తున్నదని ఆరోపిస్తూ వెలువడిన ప్రసిద్ధ వ్యాసం రాసిన ఆన్ షా ఫాక్నర్, అక్కడి మహిళా సంఘాల సమాఖ్యలో సంగీత విభాగపు బాధ్యురాలు. అంతకు ఏడాది ముందే అమెరికన్ స్త్రీలకు ఓటుహక్కు రాజ్యాంగబద్ధమైంది. అదే 1920లో మేమీ స్మిత్, 1923లో బెస్సీ స్మిత్ రికార్డులు నల్లజాతి స్త్రీ గొంతుకు మార్కెట్‌లో చోటు సంపాదించాయి. హక్కుల కోసం నిలబడిన మధ్యతరగతి స్త్రీ సంస్థలు, శరీరాన్ని కోరికను పాటలో పలికిన శ్రామిక స్త్రీని అనుమానంగా చూడడం రెండు చోట్లా కనిపిస్తుంది. తేడా పరిణామంలో ఉంది. అక్కడ బ్లూస్ గాయని నిందను మోస్తూనే నిలిచింది. లాంగ్‌స్టన్ హ్యూస్ వంటి కవులు ఆమె లయను 1926 నాటికే కవిత్వంలోకి స్వీకరించారు. ఇక్కడ కళావంతుల పాట కులీన కుటుంబాల గాయనుల గొంతులోకి మారి కచేరీ వేదికను చేరింది. పాడినవారి వంశం మాత్రం వేదిక వెనుకకు తొలగింది. నాగరత్నమ్మ తన సొమ్ముతో తిరువైయ్యారులో త్యాగరాజస్వామి సమాధిమందిరం కట్టించి, అక్కడ స్త్రీలు పాడే హక్కును సాధించడం ఈ తొలగింపుకు ఆమె ఇచ్చిన సమాధానం.

కవిత్వంలో రెండు శ్రుతులు

ఈ శ్రవణ చరిత్రకు కవిత్వంలో ప్రతిఫలనం ఉన్నదా? నేరుగా ప్రభావాన్ని నిరూపించే ప్రయత్నం ఇక్కడ చేయడం లేదు. నిర్మాణసామ్యాన్ని మాత్రమే సూచించవచ్చు. శ్రీశ్రీ 1934లో రాసిన ‘మహాప్రస్థానం’ గేయం బృందపు అడుగుల లయ మీద నిలిచింది. పాఠకుని వినేవానిగా గాక వంతగానిగా అది భావిస్తుంది. సామూహిక గానం నుండి ఎదిగిన ఆధునికత ఇది. గేయంలోని ఏకశ్రుతే దాని బలం.

రెండవ శ్రుతి పఠాభిది. నెల్లూరులో పుట్టి, శాంతినికేతన్‌లోనూ కలకత్తాలోనూ చదివిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ వెలువరించారు. దానికి శ్రీశ్రీయే ముందుమాట రాశారు. ఆ శీర్షికలోని మూడు మాటలను విడదీసి చూడాలి. ఫిడేలు పడమటి నుండి వచ్చి కర్ణాటక సంగీతంలో ఇంటివాద్యమైనది. రాగం మనోధర్మానికి నిలయం. డజన్ అంగడి లెక్క. పవిత్రమైన రాగాన్ని అంగడి లెక్కలో కట్టడం, నగరపు రొదను, దేహవాంఛను, ఇంగ్లీషు పలుకును పద్యంలోకి అనుమతించడం, ఛందస్సు ఆశించిన చోట దెబ్బను తప్పించడం అనే లక్షణాలు జాజ్ యుగపు సౌందర్యానికి చాలా దగ్గరివి. అప్పటికే బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌లో లియాన్ అబీ బృందం ద్వారా 1935 నుండి జాజ్ ప్రత్యక్షంగా వినిపించసాగింది. కాని పఠాభికి ఆ లక్షణాలు హోటల్ సంగీతం నుండే వచ్చాయని చెప్పనవసరం లేదు. ఒకే కాలపు నగరజీవనం ఒకే రకపు అపశ్రుతిని వేర్వేరు చోట్ల సహజం చేసింది.

మన విమర్శ శ్రీశ్రీ శ్రుతిని ప్రధానధారగా, పఠాభి శ్రుతిని చిలిపి ప్రయోగంగా లెక్కించింది. ఈ విలువ కట్టడంలో కూడా వంతపాటను గౌరవించి విషమగ్రహాన్ని శంకించే పాత అలవాటు పనిచేసిందని అనిపిస్తుంది.

ముగింపు

మదనపల్లె 1919 ఘటన తెలుగునేల మీద సంగీత ఆధునికతకు ఒక స్పష్టమైన ఆనవాలు. ఆ ఆధునికత పాటను రాతలోకి తెచ్చి అందరికీ అందేటట్లు చేసింది; ఊరి వంతను జాతి వంతగా విస్తరించింది; స్త్రీని పౌరురాలిగా గుర్తించే ఉద్యమంతో కలిసి నడిచింది. అదే ప్రక్రియలో గమకాన్ని, మనోధర్మాన్ని, కళావంతుల గొంతును అంచుకు నెట్టింది. జాజ్ చరిత్ర మనకు అందించే ఉపయోగం ఈ రెండవ పార్శ్వాన్ని చూపడమే. లిపికి అందనిదానిని కేంద్రంగా నిలుపుకొని కూడా ఒక సంగీతం ఆధునికం కాగలిగిందని అది నిరూపించింది.

తెలుగు సాహిత్య పరిశోధన ఇకముందు ఈ దిశగా చేయవలసిన పని ఉంది. స్వరపత్రాలు, గ్రామఫోన్ రికార్డులు, కళాశాల ప్రార్థనాగీతాలు, భజనబృందాల పాటపుస్తకాలు సాహిత్యచరిత్రకు ఆధారసామగ్రిగా గుర్తింపు పొందాలి. మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో నేటికీ చెక్కభజన నేర్పే గురువులున్నారు. 1919 నాటి పల్లవిని విద్యార్థులు ఎందుకంత తేలికగా అందుకోగలిగారో తెలియాలంటే, కళాశాల దస్త్రాలతో పాటు ఆ గురువుల తాళాన్ని కూడా వినాలి.